సెకండ్ హ్యాండ్ ఆడీ టీటీ: సిగ్నల్ దగ్గర ఆగిపోయేలా వణుకుతోంది

ప్రశ్న (శ్రీకాకుళం): 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ (టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్) పెట్రోల్ ఇంజిన్. ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆపితే ఆర్పీఎం 750 నుంచి 500కి పడి బండంతా ఊగిపోతోంది. హైవే మీద బాగానే లాగుతోంది. ప్లగ్గులు కొత్తవి. స్కానర్‌లో వచ్చిన లోపం కోడ్ పీ2187. ఎక్కడ మొదలెట్టాలన్నా?

జవాబు: ఆ కోడ్‌కి అర్థం ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. పార్టులేవీ కొనకు తమ్ముడూ, ముందు స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో) చూడు. ఐడిల్‌లో +20 శాతం ఉండి, 2500 ఆర్పీఎంలో +5కి దిగితే గాలి లీకే. ఈ ఇంజిన్‌లో నా మొదటి అనుమానం పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిర్లని ఇన్‌టేక్‌లోకి పంపేది) మీదే, దాని లోపలి రబ్బరు డయాఫ్రం చిరుగుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీయి. మూతని లోపలికి గట్టిగా లాగి పట్టేసి, ఈల లాంటి కూత వస్తుంటే అదే.

విజయనగరం నుంచి: పీసీవీ బాగుంటే హోసులకి పొగ టెస్టు (లోపలికి పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూడటం) చేయించండి. వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి లీకు వెతకొద్దు, మంట అంటుకుంటుంది. థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు) తుడిపిస్తే స్కానర్‌తో అడాప్టేషన్ (దాని స్థానాన్ని కంప్యూటర్‌కి మళ్లీ నేర్పడం) కూడా చేయించండి, లేకపోతే ఐడిల్ కుదురుకోదు.

మొదటి జవాబు రాసినవారే: పొద్దున చల్లటి ఇంజిన్‌లోనే ఎక్కువ వణికి, పీ0300 మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) కోడ్ కూడా పడితే ఇన్‌టేక్ వాల్వుల (గాలి లోపలికి వెళ్లేవి) మీద కార్బన్ చూడాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ కాబట్టి పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది, ఆ వాల్వుల్ని తాకదు. ట్యాంకులో పోసే క్లీనర్ దండగ, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి తెచ్చే గొట్టాలు) విప్పి గీకించాల్సిందే.