పాత ఓనర్ల రిపేర్లు: అన్నీ పీకేయాలా, పనిచేసేవి ఉంచాలా?

తుప్పుబండి: 1966 ఎంజీబీ రోడ్‌స్టర్ (కప్పులేని బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) విప్పుతున్నా. మూడు నెలలైంది. రిపేరు కన్నా తవ్వకాలే ఎక్కువ జరుగుతున్నాయి. కార్పెట్ ఎత్తితే ఫ్లోర్‌లో అరచేతంత చిల్లు, దాని మీద నూనె డబ్బా రేకు రివిట్లతో బిగించి ఉంది. డబ్బా మీద బొమ్మ ఇంకా చెక్కుచెదరలేదు, ఫ్లోరే పోయింది. ఫ్యూజుకి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టారు. డాష్‌బోర్డ్ వెనక ఒక నల్ల వైరుకి టెస్టర్ పెడితే కరెంటు ఉంది.

అన్నీ ఇలాంటివే అయితే ఈ పోస్టు పెట్టేవాణ్ణి కాదు. ఎవరో డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టారు, పాజిటివ్ ఎర్త్‌ని (బ్యాటరీ ప్లస్ కొసని కారు బాడీకి కలపడం) నెగటివ్‌కి (మైనస్ కొసని కలపడం) మార్చారు. ఇంజిన్ వేగం చూపే టాకోమీటర్ కూడా విప్పి, కొత్త ఎర్త్‌కి తగ్గట్టు లోపల కనెక్షన్లు మార్చారు. ఆ మీటర్ డబ్బా లోపల పెన్సిల్‌తో 'నెగటివ్ ఎర్త్' అని రాసి ఉంది. చేయి తిరిగినవాడి పని. మరి దీన్ని కూడా పీకి ఫ్యాక్టరీ లెక్కకి తేవాలా?

సిల్_బాధితుడు: పీకేయండి. మొత్తం. నేనూ ఒకప్పుడు 'పనిచేస్తోందిగా' అని వదిలేసినవాణ్ణే. బయటికి సిల్ (డోరు కింద పొడుగునా ఉండే రేకు దూలం) నున్నగా, రంగు మెరుస్తూ ఉండేది. ఒకరోజు అయస్కాంతం పెట్టి చూస్తే జారి కిందపడింది. గీకడం మొదలుపెట్టా. రంగు, దాని కింద బొటనవేలంత మందం లప్పం, లప్పంలో ఇనుప జాలీ. ఆ కింద కొత్త సిల్ రేకు, దాని వెనక కుళ్లిపోయిన అసలు సిల్ అలాగే ఉంది. తీయకుండా పైన ఇంకోటి వెల్డింగ్ చేసి మూసేశారు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే బిస్కెట్‌లా రాలింది.

ఈ కారుకి విడిగా ఛాసిస్ లేదు, పైన కప్పూ లేదు. బరువంతా సిల్స్ మీదే. కోపంలో, బాడీ కుంగకుండా డోరు దగ్గర అడ్డం పైపు వెల్డ్ చేయకుండానే సిల్ కోసేశా. సాయంత్రానికి బాడీ మధ్యలో కుంగి డోరు మూసుకోలేదు. తప్పు నాదే, ఒప్పుకుంటా. కానీ ఆ సిల్ నన్ను ఏళ్ల తరబడి మోసం చేసింది కదా?

చోక్‌లాగు: అన్నా, మీ బాధ అర్థమైంది, కానీ ఆ కోపం ఆల్టర్నేటర్ మీద తీర్చుకుంటే ఎలా? ఫ్యాక్టరీ చేసిందే వేదమా? సీట్ల వెనక రెండు 6 వోల్ట్ బ్యాటరీలు పెట్టి సిరీస్‌లో కలిపారు. ఇప్పుడు చాలామంది ఒకే 12 వోల్ట్ బ్యాటరీతో నడుపుతున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. 1967 చివర్లో ఇదే మోడల్‌కి కంపెనీయే ఆల్టర్నేటర్, నెగటివ్ ఎర్త్ ఇచ్చింది. అంటే మీ పాత ఓనరు చేసింది కంపెనీ ఏడాది తర్వాత చేసిన పనే.

ఇంకోటి. పీకడం వల్ల కూడా చెడిపోతాయి. పాత వైర్ల తొడుగు ఎండి పెళుసైపోయి ఉంటుంది, ఒకటి కదిపితే నాలుగు పగులుతాయి. నేను 'ఒరిజినల్' మోజులో బాగా నడిచే కారుని విప్పి, రెండేళ్లు కవర్ కింద పెట్టుకున్నా.

గ్యారేజీలో_గడ్డివాము: ఫొటోలు లేకుండా నూనె డబ్బా కథ నమ్మను.

తుప్పుబండి: ఫొటో రేపు పెడతా బ్రదర్. ఈలోగా ఇంకో దరిద్రం చూడండి. డ్రైవర్ సీటు బోల్టు ఒకటి సగంలో బిగుసుకుపోయింది. తీసి కొలిస్తే ఎం8 (8 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు). అక్కడ ఉండాల్సింది 5/16 యూఎన్ఎఫ్ (అంగుళాల లెక్కలో సన్న మరల బోల్టు). లావు 7.94 మిల్లీమీటర్లు, చూపుకి ఎం8 లాగే ఉంటుంది. మరలే వేరు. యూఎన్ఎఫ్‌కి అంగుళానికి 24, అంటే మరకీ మరకీ మధ్య 1.06 మిల్లీమీటర్లు. ఎం8కి 1.25. రెండు చుట్లు సాఫీగా వెళ్తుంది, ఆ తర్వాత బలం పెడితే లోపలి మరలు చితికిపోతాయి. పెట్టినవాడు బలశాలే. ఇప్పుడు ఆ నట్టు కోసి కొత్తది వెల్డ్ చేయాలి. సీటు ఇన్నాళ్లూ మూడు బోల్టుల మీదే ఉంది.

సిల్_బాధితుడు: చూశారా! చోక్‌లాగు గారూ, ఆల్టర్నేటర్ విషయంలో మీతో వాదించను. కానీ ఆ నల్ల వైరు? ఈ కార్లలో నలుపు అంటే ఎర్త్, ఇంకేమీ కాదు. ఎప్పుడూ కరెంటు ఉండి, ఫ్యూజు లేనిది గోధుమ రంగు. చేతికి దొరికిన నల్ల ముక్కతో గోధుమ వైరుని పొడిగించారనుకోండి, పనిచేస్తుంది. మీకు తెలుసు కాబట్టి మీరూ జాగ్రత్తగా ఉంటారు. రాత్రిపూట దారిలో టార్చి పట్టుకుని మీ కారు కింద దూరిన మనిషికి ఎవరు చెప్తారు?

చోక్‌లాగు: అది ఒప్పుకుంటా, వెంటనే మార్చాలి. నా గొడవల్లా 'మొత్తం పీకేయండి' అన్న మాటతోనే. టాకోమీటర్ చేసినవాడు పెన్సిల్‌తో రాసి పోయాడు. మీ సిల్ చేసినవాడు లప్పం పూసి పోయాడు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టకండి.

ఫ్యూజు గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్తున్నా. వెండి కాగితం తీసేసి, అంగట్లో దొరికే 35 ఆంపియర్ ఫ్యూజు పెట్టి ఊపిరి పీల్చుకోకండి. ఈ కారు గాజు ఫ్యూజు మీద రాసిన 35 అంటే కాలిపోయే లెక్క. నిరంతరం మోసేది 17 మాత్రమే. ఇప్పటి ఫ్యూజుల్లో చాలావాటి మీద 35 అంటే హాయిగా 35 మోసేస్తుంది. కొత్త ఫ్యూజు మెరుస్తూ కూర్చుంటుంది, వైరు కాలిపోతుంది.

తుప్పుబండి: ఇది నాకు తెలీదు. నిన్ననే సరిగ్గా అదే కొన్నా, తిరిగిచ్చేస్తా.

సరే, ఆల్టర్నేటర్, టాకోమీటర్ ఉంచుతున్నా. బానెట్ కింద నెగటివ్ ఎర్త్ అని స్టిక్కర్ కూడా వేస్తా. నల్ల వైరు మధ్యాహ్నం కోసేశా, గోధుమ రంగుది వేశా. ఫ్లోర్ ముక్క కొత్తది కట్ చేయించాలి. మీ మాటలు విన్నాక సిల్స్ మీద కూడా అయస్కాంతం పెట్టి చూశా. ఎడమవైపు అతుక్కుంది. కుడివైపు వెనక చక్రం దగ్గర జానెడు మేర అతుక్కోలేదు.

సిల్_బాధితుడు గారూ, ఆ అడ్డం పైపులు డోరు ఉంచి వెల్డ్ చేశారా, తీసేసి చేశారా? కోసేముందే గ్యాపులు కొలిచి డోరు మీదే మార్కర్‌తో రాసుకున్నా. పైన 5 మిల్లీమీటర్లు, కింద 3.