గోపురం బొమ్మల మీద అడ్డుపడిన కరెంటు తీగను ఫొటోలోంచి తీసేయడం ఎలా?

నెల్లూరు రంగనాయకులపేటలో, పెన్న ఒడ్డున ఉన్న రంగనాథస్వామి ఆలయ గాలిగోపురం ముందు మా అమ్మానాన్నలను నిలబెట్టి తీసిన ఫొటోను నాన్నగారి షష్టిపూర్తికి 12×18 అంగుళాల సైజులో ఫ్రేము కట్టించాలనుకుంటున్నాను. అయితే ఒక కరెంటు తీగ గోపురం బొమ్మల మీదుగా దిగి, నాన్నగారి భుజాన్ని ఒరుసుకుంటూ పోయింది. తీసేటప్పుడు నేను గమనించనేలేదు.

ఫొటోలు దిద్దే గింప్ సాఫ్ట్‌వేర్‌లోని హీల్ టూల్‌తో ఆకాశం మీది తీగ చక్కగా మాయమైంది గాని, బొమ్మల దగ్గరకు వచ్చేసరికి చుట్టుపక్కల రంగులన్నీ కలిసి అలికినట్లయిపోతోంది. ఫొటోలో ఒకచోటి భాగాన్ని మరోచోట అచ్చువేసే క్లోన్ టూల్ వాడితే ఒక బొమ్మకు మూడో చెయ్యి మొలిచింది (అమ్మ మాత్రం దేవుడికి ఎన్ని చేతులైనా ఉండవచ్చునంటోంది). భుజం దగ్గర చొక్కా గళ్లు కూడా అతకడం లేదు. సెలెక్షన్ గీసుకుని, వేరే లేయరులో చిన్న బ్రష్‌తో కొద్దికొద్దిగా క్లోన్ చేయాలా, లేక చుట్టుపక్కల భాగాన్ని బట్టి ఖాళీని తనంతట తానే నింపే రీసింథసైజర్ ప్లగిన్ ఇలాంటి శిల్పాలకు పనికివస్తుందా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.