డీజేజీపీపీలో కీబోర్డ్ హ్యాండ్లర్ ఎప్పుడు పడిపోతుందో తెలియడం లేదు

పాతడాస్:
డీజేజీపీపీలో (డాస్ కోసం 32-బిట్ సీ కంపైలర్) డాస్ గేమ్ ఒకటి రాస్తున్నా, డీపీఎంఐ హోస్ట్ (ప్రొటెక్టెడ్ మోడ్‌లో ప్రోగ్రామ్‌కి మెమరీ, ఇంటరప్ట్‌లు చూసిపెట్టేది) సీడబ్ల్యూఎస్‌డీపీఎంఐ. మూడు నాలుగు కీలు ఒకేసారి నొక్కినా తెలియాలని ఇంటరప్ట్ 9కి (కీబోర్డ్‌ది) సొంత హ్యాండ్లర్ పెట్టా. హెక్స్ 60 పోర్ట్ నుంచి స్కాన్‌కోడ్ చదివి ఎరేలో పెట్టి, హెక్స్ 20కి ఈఓఐ (ఇంటరప్ట్ పని అయిపోయిందనే సంకేతం) పంపడం, అంతే. హ్యాండ్లర్ నుంచి సరిగ్గా వెనక్కి రావడానికి ఐరెట్ ర్యాపర్ కూడా ఉంది. ఒక్కోసారి ఎంతసేపు ఆడినా ఏమీ కాదు, ఒక్కోసారి మొదటి కీకే పేజ్ ఫాల్ట్ (కావాల్సిన మెమరీ పేజీ అక్కడ లేదనే ఎర్రర్) అని రిజిస్టర్లన్నీ స్క్రీన్ మీద కక్కి చచ్చిపోతుంది. ఇదే లాజిక్ టర్బో సీలో, రియల్ మోడ్‌లో, నిక్షేపంగా నడిచింది. ర్యామ్ 64 ఎంబీ ఉంది, మెమరీ డిస్క్‌కి స్వాప్ అయ్యే ప్రసక్తే లేదు కదా?

రింగ్‌మూడు:
స్వాప్ కాకపోయినా ఫాల్ట్ వస్తుందండీ. ఆ హోస్ట్ పేజీని మొదటిసారి తాకినప్పుడే ఇస్తుంది. మామూలు కోడ్‌లో అయితే ఫాల్ట్ రావడం, పేజీ రావడం మీకు తెలియను కూడా తెలియదు. కానీ హార్డ్‌వేర్ ఇంటరప్ట్ వచ్చే సమయానికి సీపీయూ డాస్ లోపలే ఉండొచ్చు, పేజీని డిస్క్ నుంచి తేవాలంటే మళ్ళీ డాస్‌నే పిలవాలి, అది రీఎంట్రెంట్ కాదు (ఒక పని మధ్యలో ఉండగా మళ్ళీ పిలవకూడదు). అందుకే హ్యాండ్లర్ కోడ్‌నీ, అది తాకే ప్రతి వేరియబుల్‌నీ లాక్ చేయాలి, అంటే ఎప్పుడూ ర్యామ్‌లోనే ఉంచాలి (ఇంటరప్ట్ 31, ఫంక్షన్ 0600, రెండూ హెక్స్‌లోనే, లైబ్రరీలో లాక్ కోడ్, లాక్ డేటా ఫంక్షన్లున్నాయి). లాక్ చేయాల్సిన సైజు కోసం హ్యాండ్లర్ కింద ఖాళీ ఫంక్షన్ పెట్టి, దాని అడ్రస్ నుంచి హ్యాండ్లర్ అడ్రస్ తీసేయడం పాత చిట్కా. కొత్త జీసీసీ ఆప్టిమైజ్ చేస్తూ ఫంక్షన్ల వరుస మార్చేస్తుంది, చూసుకోండి.

సెగ్‌ఫాల్ట్‌రాజు:
ఇంత తంటా ఎందుకు బ్రో, సీడబ్ల్యూఎస్‌డీపీఎంఐ బదులు సీడబ్ల్యూఎస్‌డీపీఆర్0 అనే హోస్ట్ వాడు, అందులో వర్చువల్ మెమరీనే లేదు.

రింగ్‌మూడు:
అదే ఎగ్జీని విండోస్ 98 డాస్ బాక్స్‌లో నడిపితే? అక్కడ విండోస్ సొంత హోస్ట్ ఉంటుంది, మీది అసలు లోడే అవదు. లాక్ చేసిన కోడ్ ఎక్కడైనా బతుకుతుంది. మరీ బద్ధకమైతే స్టార్టప్ ఫ్లాగ్స్‌లో మొత్తం మెమరీని లాక్ చేసే ఫ్లాగ్ ఒకటుంది, చిన్న ప్రోగ్రామ్‌కి పర్వాలేదు, మాలాక్‌తో (మెమరీ అడిగే సీ ఫంక్షన్) తీసుకున్నదంతా కూడా లాక్ అయిపోతుంది మరి.

పాతడాస్:
ముందు ఎరేని లాక్ చేయలేదు, కోడ్ ఒక్కటే చేశా. ఎరేనీ లాక్ చేశాక ఇప్పుడు క్రాష్ ఆగింది, థాంక్స్. డీబగ్ కోసం హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్ పెట్టొచ్చా?

రింగ్‌మూడు:
వద్దు, అదీ డాస్‌నే పిలుస్తుంది. టెక్స్ట్ మోడ్‌లో ఉంటే డాస్ సెలెక్టర్‌తో (డాస్ మెమరీని చేరే దారి) ఫార్ పోక్ చేసి హెక్స్ బీ8000 దగ్గర, అంటే స్క్రీన్ మెమరీలో, ఒక అక్షరం రాసుకోండి, ఆ అడ్రస్‌ని మామూలు పాయింటర్‌లో పెడితే మళ్ళీ ఫాల్ట్ రావొచ్చు.