అప్‌డేట్: స్టాంప్ గీతలు చెదరడం ఆగింది

గ్రీటింగ్ కార్డు మీద పూల బొమ్మ స్టాంప్‌తో (ఇంక్ అద్ది అచ్చు వేసేది) అచ్చు వేసి వాటర్‌కలర్ మార్కర్లతో రంగు నింపుతుంటే నల్ల గీతలు కరిగి రంగులోకి పాకుతున్నాయని అడిగాను కదా, సమాధానాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్, సమస్య తీరిపోయింది.

మీలో ఎక్కువమంది అన్నట్టు కారణం నేను వాడిన ఇంక్ రకమే. నా దగ్గరున్నది నీళ్లకు కరిగే డై ఇంక్ ప్యాడ్. తడికి చెదరని ఇంక్ ప్యాడ్ తెచ్చుకుని, అచ్చు వేసి పూర్తిగా ఆరనిచ్చాక తడి బ్రష్‌ని గీత మీదుగా లాగినా పూరేకుల అంచులు చెక్కుచెదరలేదు. పేపర్ కూడా మార్చాను. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) హాట్ ప్రెస్ వాటర్‌కలర్ పేపర్ నున్నగా ఉంటుంది కాబట్టి సన్న గీతలు కూడా తెగకుండా పడతాయి, గరుకుగా ఉండే కోల్డ్ ప్రెస్ మీద మధ్యమధ్యలో ఖాళీలు వస్తాయి.

ఒకరు చెప్పిన ఇంకో పద్ధతి మాత్రం నాకు తెగ నచ్చేసింది, ప్యాడ్ అక్కర్లేదు, మార్కర్‌తోనే రబ్బరు స్టాంప్ మీద రేకులకు గులాబీ, ఆకులకు ఆకుపచ్చ పూసి, ఆరిపోతున్న రంగు మళ్లీ తడెక్కేలా నోటితో ఆవిరి ఊది వెంటనే అద్దాలి. రెండు రంగులు కలిసేచోట వచ్చే ఆ మెత్తటి మసక ఎంత బాగుంటుందో! పారదర్శక ప్లాస్టిక్ స్టాంపుల మీద మాత్రం రంగు చుక్కలుచుక్కలుగా విడిపోతుంది, రబ్బరువే నయం.

తడికి కార్డు వంగిపోకుండా ఇప్పుడు బొమ్మను విడి ముక్క మీద వేసి, ఆరాక బరువైన పుస్తకాల కింద ఉంచి, ఆ తర్వాతే మడత కార్డుకు అతికిస్తున్నాను.