ఎన్95 మాస్క్‌తో ముక్కు దూలం మీద పుండు పడింది, ఆరడం లేదు. ఏం చేయాలి?

హనుమకొండ స్టాఫ్ నర్స్

అందరికీ నమస్తే. నేను హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. తొమ్మిదేళ్ల సర్వీసు. ఫిబ్రవరి నుంచి ఛాతీ జబ్బుల వార్డులో వేశారు. టీబీ పేషెంట్లు ఎప్పుడూ నలుగురైదుగురు ఉంటారు కాబట్టి డ్యూటీలో ఎన్95 తప్పదు. గాలి ఆడాలని కిటికీలు తెరిచే ఉంచుతాం, ఏసీ లేదు. ఈ మే నెల ఎండలు మన దగ్గర ఎట్లుంటాయో చెప్పక్కర్లేదు, రాత్రి పదింటికి కూడా గోడలు వేడిగానే ఉంటాయి. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా డ్యూటీ. రెండు గంటలు గడిచేసరికి మాస్క్ లోపల చెమట గడ్డం మీదికి జారడం తెలుస్తుంటుంది, తుడుచుకోవడానికి ఉండదు.

మొదట్లో ముక్కు దూలం మీద ఎర్రటి గీత పడేది. పడుకుని లేచేసరికి పోయేది. మార్చి చివరి నుంచి పోవడం లేదు. ఇప్పుడు అక్కడ పెసరగింజంత తోలు లేచిపోయి పచ్చిగా ఉంది. మాస్క్ మీది తీగ సరిగ్గా అక్కడే నొక్కుతుంది. పెట్టుకున్న ప్రతిసారీ పుండు మీద కారం చల్లినట్టే. బుగ్గల మీద, గడ్డం మీద పొక్కులు. మాస్క్ అంచు ఎక్కడుందో అక్కడి దాకా గీత గీసినట్టు ఎర్రగా ఉంది.

ఇప్పటిదాకా చేసినవి చెప్తాను. మెడికల్ షాపులో అడిగితే ఒక క్రీమ్ ఇచ్చాడు. వారం రోజులు మొహం అద్దంలా అయింది, నాకే ఆశ్చర్యమేసింది. తర్వాత పూయకపోతే ఒక్క రోజుకే రెట్టింపు ఎరుపు, మంట. మూడు వారాలుగా ఇదే తంతు. పుండుకు తగలకుండా గాజు గుడ్డ మడతపెట్టి మాస్క్ కింద పెడుతున్నాను. మాకు వారానికి ఒక్క మాస్క్ ఇస్తారు, వాసన రాకుండా డ్యూటీ అయ్యాక స్పిరిట్‌తో తుడిచి ఎండలో వేస్తాను.

మొన్న పొద్దున ఇంటికి పోగానే మా చిన్నది మొహం చూసి "అమ్మా, ఎవరన్నా కొట్టిన్రా?" అని అడిగింది. ఆ రోజు నిద్ర పట్టలేదు.

మాస్క్ తీసేయమని మాత్రం చెప్పకండి. నాతో పనిచేసిన ఒక సిస్టర్‌కు రెండేళ్ల కింద టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు మింగింది. నేను దగ్గరుండి చూశాను.

పరకాల ల్యాబ్ టెక్నీషియన్

అక్కా, నేను కరోనా టైంలో వాజిలిన్ దట్టంగా పూసుకుని పైన మాస్క్ పెట్టుకునేవాణ్ణి. మంట ఉండదు. చూడండి.

కాజీపేట పాత సిస్టర్

చెల్లె, ముందు ఒక్క మాట అడుగుతాను. నీకు కళ్లద్దాలు ఉన్నాయా? ఉంటే వాటికి ఆవిరి పడుతోందా? లేకపోతే ఇంకో పని చెయ్యి. మాస్క్ పెట్టుకుని రెండు చేతులూ దాని చుట్టూ కప్పి గట్టిగా ఊదు. ముక్కు పక్కన వేళ్లకు గాలి తగిలిందంటే ఆ గాజు గుడ్డే మాస్క్‌ను పైకి ఎత్తి పట్టిందని అర్థం. పేషెంట్ దగ్గితే ఆ గాలి నువ్వు ఆ సందులోంచే పీలుస్తావు. మాస్క్ ఉండీ లేనట్టే. నీ భయమే టీబీ అయినప్పుడు ఈ సంగతి ఇవ్వాళే చూసుకో.

వాజిలిన్ కూడా అంతే తమ్ముడూ, ఏమీ అనుకోకు. దట్టంగా పూస్తే మాస్క్ అంచు జారుతుంది, ఎన్నిసార్లు సర్దినా నిలవదు. మాయిశ్చరైజర్ ఏదైనా సరే డ్యూటీకి అరగంట, గంట ముందే పల్చగా రాసి, లోపలికి ఇంకిపోయాక మాస్క్ పెట్టుకోవాలి.

చెల్లె, మనం మంచం పట్టిన పేషెంట్లకు బెడ్‌సోర్ రాకుండా రెండు గంటలకోసారి పక్క తిప్పుతాం కదా. నీ ముక్కు దూలం మీదున్నది కూడా బెడ్‌సోరే. కింద ఎముక, పైన పల్చటి తోలు, దాని మీద గంటల తరబడి ఒత్తిడి, పైగా చెమట తడి. నడుము కింది త్రికాస్థి ఎముక మీద జరిగేదే ఇక్కడ జరిగింది. కాబట్టి మందు కూడా అదే. రెండు గంటలకోసారి వార్డు బయటికి, పేషెంట్లు రాని చోటికి వెళ్లి, చేతులు కడుక్కుని, ఒక పావుగంట మాస్క్ తీసి మొహానికి గాలి తగలనియ్యి. కుదరని రాత్రి అయిదు నిమిషాలైనా సరే. ఆ కాసేపు నీ పేషెంట్లను పక్క సిస్టర్ చూసుకునేట్టు ముందే మాట్లాడుకోవాలి, లేకపోతే జరిగే పని కాదు.

గాజు గుడ్డ తీసెయ్. బెడ్‌సోర్లకు వాడే హైడ్రోకొల్లాయిడ్ డ్రెస్సింగ్‌లో పల్చటి రకం ఉంటుంది. చిన్న ముక్క కత్తిరించి దూలం మీద ముడత లేకుండా అతికించు. మొహం కడిగి పూర్తిగా ఆరాక అతికించాలి. క్రీమ్ ఉన్న తోలుకు అది పట్టుకోదు. అతికించాక మళ్లీ ఊది చూడు. గాలి లీకైతే ఆ ముక్క కూడా వద్దు, మాస్క్ మోడల్ మార్చమని అడుగు. డ్యూటీ అయ్యాక గబుక్కున పీకకు, నీళ్లతో తడిపి మెల్లగా లాగు.

ఇంకొకటి. మాస్క్‌కు స్పిరిట్ పెట్టొద్దు. ఎన్95లో మధ్య పొరకు కరెంటు ఛార్జి ఉంటుంది, సన్నటి కణాలను పట్టేది అదే. స్పిరిట్ తగిలితే ఆ ఛార్జి పోతుంది. మాస్క్ చూడటానికి కొత్తదానిలాగే ఉంటుంది కానీ పని చెయ్యదు. కరోనాలో మాస్కులు దొరకనప్పుడు మేము అయిదు మాస్కులు పెట్టుకుని, రోజుకొకటి వాడి, పేపర్ కవర్లో వేసి ఆరబెట్టేవాళ్లం. ఒకదాని వంతు మళ్లీ అయిదు రోజులకు వచ్చేది. ప్లాస్టిక్ కవర్ వద్దు, తడి పోదు. ఎలాస్టిక్ వదులైనా, లోపల తడిసినా పారేసేవాళ్లం. వారానికి ఒక్క మాస్క్‌తో టీబీ వార్డు నడపడం న్యాయం కాదు. నువ్వొక్కదానివే అడగకు, ఆ వార్డు సిస్టర్లంతా సంతకాలు పెట్టి ఇవ్వండి.

వరంగల్ స్కిన్ పీజీ

సిస్టర్ గారూ, కాజీపేట మేడం ఒత్తిడి గాయం గురించి చక్కగా చెప్పారు. నేను బుగ్గల గురించి, ఆ క్రీమ్ గురించి చెప్తాను. ఫోన్‌లో రాసి రోగం తేల్చలేను, కాబట్టి ఒకసారి తప్పకుండా చూపించుకోండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. వెళ్లేటప్పుడు ఆ ట్యూబ్ వెంట తీసుకెళ్లండి.

నాకు అన్నిటికన్నా భయం కలిగించింది ఆ ట్యూబే. ట్యూబ్ వెనక చదవండి. క్లోబెటాసోల్ అనో, బెటామెథాసోన్ అనో ఉంటే అది స్టిరాయిడ్. మొదటి వారం మొహం అద్దంలా అవ్వడం, ఆపితే మంట రేగడం, ఇవి మాకు రోజూ ఓపీలో వినిపించే మాటలే. మొహం మీద వారాల తరబడి పూస్తే తోలు పల్చబడుతుంది, సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మొటిమలు పెరుగుతాయి. పల్చబడ్డ తోలు మీద మాస్క్ ఒత్తిడి పడితే పుండు ఎట్లా ఆరుతుంది? 2018లో ఇట్లాంటి స్టిరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అడిగితే చాలు ఇచ్చేస్తున్నారు. ఆపేటప్పుడు మంట ఎక్కువవుతుంది, అందుకే డాక్టర్ చెప్పిన పద్ధతిలో ఆపండి. ఆ మంటకు భయపడి మళ్లీ పూయడం మొదలుపెడితే అందులోంచి బయటపడలేరు.

పొక్కులు రకరకాలుగా వస్తాయి. వేడికి, చెమటకు, రాపిడికి వచ్చే మొటిమలు ఒక రకం. మాస్క్ ఆనిన మేరకు గీత గీసినట్టు ఎరుపు, దురద ఉంటే కాంటాక్ట్ డెర్మటైటిస్, అంటే తగిలిన వస్తువు పడక తోలు రేగడం, అయి ఉండొచ్చు. మీ స్పిరిట్ కూడా అందులో భాగమే కావచ్చు. ఎలాస్టిక్ తగిలే చెంపల మీద మాత్రమే వస్తే రబ్బరులోని రసాయనాలను అనుమానిస్తాం, అవసరమైతే ఏది పడడం లేదో తోలు మీద అతికించి చూసే ప్యాచ్ టెస్ట్ చేస్తాం. మొటిమల మందు ఇస్తే మాస్క్ కింద పూయకండి, మాస్క్ లేని రాత్రులు పూయండి. మొహానికి డెటాల్, శానిటైజర్ వద్దు. రెండు పూటలా మైల్డ్ ఫేస్‌వాష్ చాలు.

మీ చర్మంలో లోపం ఉందని దిగులు పడకండి. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చినప్పుడు సింగపూర్‌లో రెగ్యులర్‌గా ఎన్95 వాడిన ఆసుపత్రి సిబ్బందిని అడిగితే మూడో వంతుకు పైగా చర్మ సమస్యలు ఉన్నాయన్నారు, వాళ్లలో దాదాపు 60 శాతం మందికి మొటిమలు, సగం మందికి దురద. 2020లో చైనాలోని హుబే రాష్ట్రంలో 542 మందిని అడిగితే 97 శాతం మంది చర్మం దెబ్బతిందన్నారు. అందరికన్నా ఎక్కువమందికి దెబ్బ తగిలింది ముక్కు దూలం మీదే.

హనుమకొండ స్టాఫ్ నర్స్

నెల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

అక్కా, మీ మెసేజ్ చదివిన రాత్రే వార్డు వాష్‌రూమ్‌లో ఊది చూసుకున్నాను. ఎడమ కంటి కింద వేలికి చల్లగా గాలి తగిలింది. కాళ్లు వణికాయి. గాజు గుడ్డ అక్కడే డస్ట్‌బిన్‌లో వేశాను. ఎక్స్‌రే తీయించుకున్నాను, ఏమీ లేదన్నారు.

డాక్టర్ గారూ, ట్యూబ్ మీద మీరు చెప్పిన క్లోబెటాసోలే ఉంది. ఎంజీఎంలో చూపించాను, వాళ్లూ అదే అన్నారు. ఆపాక పది రోజులు నరకం చూశాను. తడి గుడ్డ మొహం మీద వేసుకుని పడుకున్న రోజులున్నాయి. ఇప్పుడు మంట లేదు, పొక్కులు సగానికి తగ్గాయి.

తొమ్మిది మందిమి సంతకాలు పెట్టి ఇచ్చాం. రెండు వారాలు జవాబు లేదు. తర్వాత మనిషికి అయిదు మాస్కులు ఇచ్చారు, తీగ కింద మెత్తటి ఫోమ్ ఉన్న రకం. పేపర్ కవర్ల మీద వారాల పేర్లు రాసి పెట్టుకున్నాను. పుండు మానింది, అక్కడ నల్ల మచ్చ ఉంది. పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి నేను, పక్క సిస్టర్ మార్చి మార్చి మెట్ల దగ్గరికి వెళ్తున్నాం.

డ్రెస్సింగ్ చతురస్రంగా కత్తిరిస్తే మూలలు లేస్తున్నాయి అక్కా. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే పొద్దుటిదాకా కదలడం లేదు.