యానిమేషన్ ఆర్ట్ డైరెక్టర్, థీమ్ పార్క్ డిజైనర్ కావాలంటే ఏం చదవాలి?

కావలి అమ్మ:
మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు. నోట్సుల వెనక పేజీలన్నీ బొమ్మలే, అదీ మనుషులవి కాదు, వీధులు, మెట్లు, గుహలు. యానిమేషన్‌లో ఆర్ట్ డైరెక్టర్ అయ్యి తర్వాత థీమ్ పార్కులు డిజైన్ చేస్తానంటాడు. వాళ్ళ నాన్న ఇంజనీరింగ్ అంటున్నారు. ఇంట్లో రోజూ టెన్షనే. అసలు ఈ రెండు పనులూ ఒకే మనిషి ఎట్లా చేస్తాడు?

ఒంగోలు ఆర్టిస్ట్:
చేస్తారక్కా, అమెరికా కార్టూన్ సినిమాల కంపెనీ డిస్నీలో మొదటి నుంచీ అట్లాగే జరిగింది. కెన్ ఆండర్సన్ అనే ఆయన చదివింది ఆర్కిటెక్చర్, 1934లో డిస్నీలో చేరి 1937లో వచ్చిన స్నో వైట్ సినిమాకి ఆర్ట్ డైరెక్షన్ చేశాడు, అంటే చోట్లు, రంగులు ఎట్లా కనిపించాలో తేల్చే పని, 1955లో తెరిచిన వాళ్ళ థీమ్ పార్కు డిస్నీల్యాండ్‌లో చీకటి గదుల్లో బండి మీద తిప్పే రైడ్లకూ పనిచేశాడు. క్లాడ్ కోట్స్ అనే ఇంకో డిస్నీ ఆర్టిస్ట్ సినిమాలకు బ్యాక్‌గ్రౌండ్లు, అంటే పాత్రల వెనక కనిపించే చోట్ల బొమ్మలు, వేసేవాడు, తర్వాత అక్కడి దెయ్యాల భవంతి రైడ్ డిజైన్‌లో ఆయనది పెద్ద చెయ్యి. నేను హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో బ్యాక్‌గ్రౌండ్లు వేస్తాను కాబట్టి చెప్తున్నా, మా పనంతా చూసేవాడి కన్ను ముందు ఎక్కడ పడాలి, వెలుగు ఎక్కడ, ఏ రంగు తగ్గాలి అనేదే. పార్కులో కూడా అదే పని, కాకపోతే అక్కడ కన్నుతో పాటు కాళ్ళు కూడా నడుస్తాయి.

నెల్లూరు ఆర్కిటెక్ట్:
పైన చెప్పింది నిజమే, కానీ పార్కు అంటే బొమ్మ ఒక్కటే కాదమ్మా. వాన నీళ్ళు ఎటు పోవాలి, క్యూ ఎక్కడ మలుపు తిరగాలి, నిప్పంటుకుంటే జనం ఎటు బయటపడాలి, ఇవన్నీ చూసుకోవాలి. అందుకే నా ఓటు బీఆర్క్‌కే, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీకే, అయిదేళ్ళు, చాలా కాలేజీలకు నాటా అనే ఎంట్రన్స్ రాయాలి, ఎంపీసీ కాబట్టి ఇబ్బంది లేదు, వాళ్ళ నాన్న గారు కూడా ఒప్పుకోవచ్చు. డిజైనే కావాలంటే బీడిజైన్ అనే డిగ్రీ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో సీటుకి యూసీడ్ అనే ఎంట్రన్స్ రాయాలి, అందులో డ్రాయింగ్ కూడా ఉంటుంది. మన దేశంలో పెద్ద పార్కులు తక్కువ, ఆ మాట దాచకూడదు. కానీ సినిమా సెట్లు, మ్యూజియంలు, ఎగ్జిబిషన్లు కూడా ఇదే పని అడుగుతాయి. రామోజీ ఫిల్మ్ సిటీని డిజైన్ చేసిన నితీష్ రాయ్ సినిమా ఆర్ట్ డైరెక్టరే.

కావలి అమ్మ:
చాలా థాంక్స్. వాడికి చదివి వినిపించాను. ఇప్పటి నుంచే ఏం గీస్తే పనికొస్తుందని అడుగుతున్నాడు.

ఒంగోలు ఆర్టిస్ట్:
సెలవు రోజు నెల్లూరు రంగనాయకుల గుడికి తీసుకెళ్ళండి. గాలిగోపురాన్ని దూరం నుంచి ఒకటి, సందు మలుపులో ఒకటి, కింద నిలబడి తలెత్తి ఒకటి గీయమనండి. పైకి పోయేకొద్దీ అంతస్తులు చిన్నవవుతాయి, దాంతో గోపురం ఉన్నదానికన్నా ఎత్తుగా అనిపిస్తుంది. డిస్నీల్యాండ్ కోట ఎత్తు 77 అడుగులే, దానికీ పైన ఇటుకలు చిన్నవి చేసి ఇంకా ఎత్తుగా అనిపించేలా చేశారు. ఫోన్ ఫొటో చూసి గీయొద్దనండి, అక్కడే కూర్చుని గీయాలి. గీసినవి ఇక్కడ పెట్టమనండి, నేను చూసి చెప్తా.