42 హెచ్‌పీ ట్రాక్టర్‌కి ముందు లోడర్ బిగిస్తే ఇసుక యార్డులో పనికొస్తదా?

నాయుడుపేట కుర్రోడు:
అన్నలకి నమస్తే. చెన్నై రెడ్‌హిల్స్ దగ్గర మాకు ఇసుక, కంకర యార్డు ఉంది. టిప్పర్లకి లోడింగ్ కోసం రోజూ బయట జేసీబీని గంటల లెక్కన పిలిపిస్తున్నాం, మిగిలేదంతా దానికే పోతోంది. ఊళ్లో నాన్న ట్రాక్టర్ మాసీ 241 ఉంది, దుక్కులప్పుడు తప్ప షెడ్డులోనే ఉంటది, దాన్ని ఇక్కడికి తోలుకొచ్చి ముందు లోడర్, అంటే ఇసుక ఎత్తే బకెట్, బిగిద్దామని ఆలోచన. జేసీబీ లాంటి బ్యాక్‌హో లోడర్ (ముందు బకెట్, వెనక తవ్వే చెయ్యి ఉండే బండి) 76 హెచ్‌పీ అంటున్నారు, ఇది 42, సగం పనైనా అవదా?

డీజిల్ మామ:
తమ్ముడూ, హెచ్‌పీ లెక్క పక్కనపెట్టు. అందులో ఉన్నది సింప్సన్ మూడు సిలిండర్ల ఇంజన్, మన చెన్నై సరుకే, దానికి వంక పెట్టేది లేదు. ఇబ్బంది క్లచ్‌తో. లోడింగ్ అంటే ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి, పొద్దస్తమానం ఇదే పని కదా. బ్యాక్‌హో లోడర్‌లో ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ (ఆయిల్ ద్వారా శక్తిని అందించేది) ఉంటది, బకెట్ కుప్పలో దిగబడి చక్రాలు ఆగిపోయినా లోపల ఆయిల్ తిరుగుతా ఉంటది, ఇంజన్ ఆగదు, పైగా టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, పెరుగుద్ది. ట్రాక్టర్‌లో ఉండేది క్లచ్ ప్లేటు, కుప్పలోకి తోసిన ప్రతిసారీ ఇంజన్ ఆగిపోవాల లేదా ప్లేటు కాలాల.
ఇంకోటి, ఈ ట్రాక్టర్లకి విడిగా ఛాసిస్ ఉండదు. ఇంజన్, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్స్ బోల్టులతో కలిపితే అదే ఛాసిస్. వెనక యాక్సిల్ దాకా సబ్‌ఫ్రేమ్ (అదనపు ఇనప చట్రం) వెయ్యకుండా లోడర్ చేతులు ఇంజన్‌కి బిగిస్తే బరువంతా ఆ జాయింట్ల మీద పడి హౌసింగ్ పగులుద్ది.

పేడకుప్ప:
మామ మరీ భయపెడతన్నాడు. డెయిరీల్లో పేడ, గడ్డి ఎత్తడానికి ట్రాక్టర్ లోడర్లు బాగానే వాడతన్నారు. కాకపోతే తడి ఇసుక క్యూబిక్ మీటరుకి రెండు టన్నుల దాకా తూగుద్ది, మీ ట్రాక్టర్ మొత్తం బరువే ఇంచుమించు అంత. చిన్న బకెట్ వేసినా వెనక కౌంటర్‌వెయిట్ (సరితూకం బరువు) లేకపోతే వెనక చక్రాలు లేస్తాయి. ముందు యాక్సిల్ కూడా అంత బరువు మొయ్యడానికి చేసింది కాదు.

నాయుడుపేట కుర్రోడు:
అయితే సెకండ్ హ్యాండ్ బ్యాక్‌హోనే చూసుకోవాల. మాధవరంలో ఒకటి ఉందంటున్నారు, మీటర్లో బండి నడిచిన గంటలు బాగా తక్కువ. ఏం చూడాల?

పాత స్పానర్:
మీటర్‌ని నమ్మొద్దు, మార్చేవాళ్లు మార్చేస్తారు. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ పోసే మూత తీసి చూడు, అక్కడ పొగ గుప్పుగుప్పుమని తంతా ఉంటే రింగులు అరిగినట్టే. తర్వాత స్టాల్ టెస్ట్ చెయ్యి, బ్రేకు గట్టిగా తొక్కి గేర్లో పెట్టి ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చి కొన్ని సెకన్లు మాత్రమే చూడాల. ఆర్‌పీఎం కంపెనీ చెప్పిన దానికంటే బాగా తక్కువలో ఆగితే ఇంజన్ నీరసం, ఎక్కువకి పోతే టార్క్ కన్వర్టరో, గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లో జారుతున్నట్టు. ఊరికే సాగదీయొద్దు, ఆయిల్ కాలిపోద్ది. బూమ్ (వెనక తవ్వే చెయ్యి) దగ్గర పిన్నూ బుష్షూ ఊగుతున్నాయేమో కూడా చూడు.
2021 ఏప్రిల్ నుంచి వచ్చిన ఈ సైజు బండ్లు బీఎస్-4 లేదా ఆ తర్వాతి పొగ నిబంధనల ప్రకారం చేసినవి, కామన్ రైలు (బాగా ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ పంపే పద్ధతి), ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఉంటాయి, కల్తీ డీజిల్ పడితే ఇంజెక్టర్లు పోతాయి, బాగు చెయ్యాలంటే స్కానర్ ఉన్నోడు కావాల. అంతకుముందు బండ్లలో మెకానికల్ పంపులే ఎక్కువ, యార్డు పనికి నా ఓటు వాటికే.

నాయుడుపేట కుర్రోడు:
స్టాల్ టెస్ట్ వద్దు, ఊరికే స్టార్ట్ చేసి చూసుకో అని ఓనర్ అంటే ఏం చెయ్యాలన్నా?

డీజిల్ మామ:
టీ ఇస్తే తాగి వచ్చెయ్.